నిప్పుకు కట్టిన లెక్క

బాలానగర్, హైదరాబాదు
1998 నవంబరు 22

పెదనాన్నకి,

దీప్తి వందనాలు. పోయిన వారం ఫోన్లో నువ్వు అడిగావు: "రోజంతా కుర్చీలో కూచుని ఏం లెక్కలు కడతావే?" అని. బుడే ఫోన్ బూతులో మీటరు తిరుగుతుంటే నీకు ప్రసంగం రాదు, నాకు జవాబు రాదు. అందుకే రాస్తున్నా.

మూత బిగించిన ఇనుప పాత్ర ఒకటి ఉందనుకో. దాని చుట్టూ నిప్పు అంటుకుంది. లోపలిది మరిగి ఆవిరవుతుంది. ఆవిరికి దారి లేకపోతే పాత్ర పగిలి చుట్టుపక్కల వాళ్ళ ప్రాణం తీస్తుంది. అందుకని మీద ఒక వాల్వు పెడతాం. ఒత్తిడి హద్దు దాటగానే అది తనంతట తానే తెరుచుకుంటుంది. పెద్దమ్మ కుక్కరు మీద వెయిటు లేదూ, అలాంటిదే. మరి ఆ దారి ఎంత వెడల్పు ఉండాలి? మంట పాత్రను ఎంత మేర తాకుతుంది, ఎంత వేడి లోపలికి పోతుంది, ఎంత ఆవిరి పుడుతుంది, అదంతా ఎంత రంధ్రంలోంచి పోగలదు? ఇదీ నా ఉద్యోగం.

ఇప్పుడు అసలు కబురు. నాకు ఒంటరిగా అప్పజెప్పిన మొదటి పని ఎవరిదో తెలుసా? మీ మిల్లుదే! గేటు కాపలాలో నిలబడి మీ యజమాని నాగేంద్రబాబుగారికి మా ఆఫీసు పేరు చెప్పింది నువ్వే కదా. పత్తిగింజల నూనె పాత్రకి, బయట నిప్పు అంటుకుంటే అన్న లెక్క. రెండంగుళాల వాల్వు చాలని తేలింది. మా మేనేజరు గోపాలకృష్ణగారు తిరగేసి మరగేసి చూసి ఏ వంకా దొరక్క, నా పొడి అక్షరాలు బాగా లేవన్నారు. డ్రాయింగు మూలన ఆ అక్షరాలున్నాయి. జోసఫ్ అన్నని చూడమను. ఇక నీ కొడుకుని నిప్పు ఏమీ చేయలేదు.

నీ దీప్తి

&nbsp;

సత్తెనపల్లి
1998 డిసెంబరు 13

అమ్మా దీప్తీ,

నిన్ను కాపాడేవాడు కునుకు తీయడు. ఆ ధైర్యంతోనే నిన్ను అంత పెద్ద ఊళ్ళో వదిలేసి మేం ఇక్కడ నిద్రపోతున్నాం.

నీ ఉత్తరం ఆదివారం మందిరంలో, నా ప్రసంగం మధ్యలో చదివాను. మంటకి లెక్క వేసి, ఆవిరికి దారి కట్టే పిల్ల మా ఇంట్లో పుట్టిందని చెప్పాను. ముగ్గురు కుర్రాళ్ళని కొలిమిలో తోయించిన రాజు కథ నువ్వు నా ఒళ్ళో కూచుని విన్నదే కదా. దేవుడు వాళ్ళని చెయ్యి పట్టి బయటికి లాగలేదు. తానే మంటలోకి దిగి వాళ్ళ పక్కన నడిచాడు. నువ్వు కాగితం మీద చేసేదీ అదే. కాలేవాడి పక్కన నిలబడటం! మీ పెద్దమ్మ మాత్రం వెనక నుంచి, "పిల్ల అన్నం తింటుందో లేదో రాసిందా?" అని అరిచింది. రాయి.

చదువు లేనివాణ్ణి. పత్తి బేళ్ళు మోసే రోజుల్లో లాంతరు కింద ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని వాక్యం నేర్చుకున్నవాణ్ణి. నా తమ్ముడి కూతురి పేరు మా మిల్లు గోడకి అంటించిన డ్రాయింగు మీద ఉందంటే, అది అక్షరం కాదమ్మా, స్తోత్రం.

మిల్లులో కొత్త సరుకు మొదలుపెడుతున్నారు. నూనెను ఏదో మార్చి, ప్లాస్టిక్ మెత్తగా రావడానికి కలిపే మందు చేస్తారట. బొంబాయి పార్టీకి. లారీలో నీలం క్యాన్లు దిగుతున్నాయి. నాగేంద్రబాబుగారు హుషారుగా ఉన్నారు. మన మందిరానికి రేకులు వేయించిన మనిషి, బాగుపడితే మనకీ సంతోషమే. నీ వాల్వు ఉన్న పాత్రలోనే చేస్తారు. అన్న అక్కడే డ్యూటీ. మొన్న క్యాను మూత దగ్గర తడి తగిలి వాడి వేళ్ళు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి. సాయంత్రానికి మామూలైపోయాయిలే. మీ పెద్దమ్మ కొబ్బరినూనె రాసింది.

పెదనాన్న అంకయ్య

&nbsp;

బాలానగర్, హైదరాబాదు
1999 జనవరి 10

పెదనాన్నకి,

వందనాలు. అన్నం తింటున్నాను. పెద్దమ్మ పంపిన పండుమిరప పచ్చడి మా హాస్టలు గదిలో అందరికీ నచ్చింది. ఒక ఒరియా పిల్ల మాత్రం రెండు ముద్దలు తిని గంటసేపు కుళాయి దగ్గరే ఉంది.

ఒక చిన్న సంగతి. ఆ నీలం క్యాన్ల మీద ఇంగ్లీషులో ఏం రాసి ఉందో జోసఫ్ అన్నని చూసి రాయమను. అక్షరం పోకుండా. వాటిని పాత్రలో ఒక్కసారే పోస్తారా, బొట్టుబొట్టుగా వదులుతారా? పోసేటప్పుడు లోపల నురగ వస్తుందా? చన్నీళ్ళు తిప్పే ఏర్పాటు ఎప్పుడూ నడుస్తుందా, కరెంటు పోతే ఆగుతుందా?

ఊరికే, తెలుసుకుందామని. నువ్వు జవాబు మాత్రం త్వరగా రాయి.

అన్నని చేతులకి తొడుగులు వేసుకోమను.

నీ దీప్తి

&nbsp;

సత్తెనపల్లి
1999 ఫిబ్రవరి 7

అమ్మా దీప్తీ,

జవాబు ఆలస్యమైంది. మిరప కోతలు. మీ పెద్దమ్మ పొద్దున్నే కూలికి పోతుంది, ఇల్లు నా మీద పడింది. దానికి తోడు ఒక యుద్ధం వచ్చింది, దాన్ని సంధి చేశాను. అది చెబుతా విను.

మిల్లు తూర్పు గోడలోంచి నీ వాల్వు గొట్టం బయటికి వస్తుంది కదా. గోడ అవతల యలమందయ్యగారి కల్లం. తాతల నాటి నుంచి వాళ్ళు కాయ ఎండబెట్టేది అక్కడే. కొత్త సరుకు రెండుసార్లు చేసి చూశారు. రెండోసారి నీ వాల్వు బుస్సుమని కాసేపు తెరుచుకుంది. ఏదో జల్లు గొట్టంలోంచి వచ్చి కాయల మీద పడింది. పడిన చోటల్లా ఎర్రటి కాయ తెల్లబోయింది! మిర్చి యార్డులో రంగు పోయినదాన్ని తాలుకాయ అంటారే, అట్లా. యలమందయ్యగారు కర్ర పుచ్చుకుని గేటు మీదికి వచ్చాడు.

"ఏందయ్యా అంకయ్యా! మీ బాబు నూనె మందులు చేసుకోటానికి నా కాయంతా తాలు కావాలా? గొట్టం పీకుతారా, గోడ పీకమంటారా?"

ఆయన గొంతు నీకు తెలుసు. అవతలి ఊళ్ళో ఎద్దులు కూడా ఆగుతాయి. నేను మధ్యలో పడ్డాను. సమాధానం చేసేవాడికి ఒక ఆశీర్వాదం ఉంది గదా, అది నాకు దక్కాలనుకున్నాను. నాగేంద్రబాబుగారిని ఒప్పించి, పాత బోరు పైపు తెప్పించి, గొట్టానికి తగిలించాం. గోడ వెంట తిప్పి, రెండు మలుపులు తిప్పి, షెడ్డు వెనక నీళ్ళ డ్రమ్ములో ముంచాం. ఇప్పుడు జల్లు లేదు, వాసన లేదు. యలమందయ్యగారు నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు పెద్దమనిషివయ్యా" అన్నాడు. ఆదివారం దాని మీదే మాట్లాడాను.

నీ ప్రశ్నలకి: అన్న రాసిచ్చిన చీటీ ఇందులో పెట్టాను. హైడ్రోజన్ పెరాక్సైడ్ అని చదివాడు. మొదట బొట్టుబొట్టుగానే పోశారట, బొంబాయి వాళ్ళు తొందర పెడుతున్నారని ఇప్పుడు ధార పెంచారు. నురగ వస్తుంది. కరెంటు పోతే అన్నీ ఆగుతాయి, ఇక్కడ కరెంటు సంగతి నీకు చెప్పాలా?

"ఊరికే" అని రాశావు. నిన్ను పెంచినవాణ్ణి. నువ్వు ఊరికే ఏదీ అడగవు. ఏమిటమ్మా?

పెదనాన్న అంకయ్య

&nbsp;

బాలానగర్, హైదరాబాదు
1999 ఫిబ్రవరి 12

పెదనాన్నా,

ఈ ఉత్తరం మందిరంలో చదవొద్దు. నువ్వొక్కడివే చదివి, తర్వాత అన్నకి వినిపించు. బుడే బూతుకి ఫోన్ చేసి నీకు చెప్పించిన రెండు ముక్కలు, గొట్టం తీయించమనీ ధార తగ్గించమనీ, ఈపాటికే అంది ఉంటాయి. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

నేను కట్టిన లెక్క బయటి నిప్పుకు. బయటి మంట పాత్ర గోడను తాకినంత మేరే వేడినిస్తుంది. ఇప్పుడు ఆ పాత్రలో జరిగేది వేరు. క్యానులోని మందు నూనెతో కలిసేటప్పుడు వేడి తనలోనే పుడుతుంది. వేడెక్కేకొద్దీ ఇంకా వేగంగా కలుస్తుంది, వేగంగా కలిసేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. గోడ చుట్టూ తిరిగే చన్నీళ్ళు గోడ దగ్గరి వేడినే తీయగలవు. ఒక హద్దు దాటితే ఇక ఎవరి మాటా వినదు. మందు విరిగిపోయి గాలి కూడా పుట్టిస్తుంది.

ఎసరు మరిగితే మూత సందులోంచి ఆవిరే పోతుంది. అన్నం పొంగితే గంజి, మెతుకు, నురగ అన్నీ ఒక్కసారే ఎగదన్నుతాయి, మూతను కూడా లేపుతాయి. నేను లెక్క కట్టింది ఎసరుకి. అక్కడ రాబోయేది పొంగు. దానికి రెండంగుళాలు ఏ మూలకీ చాలవు. మొన్న వాల్వు బుస్సుమన్నదే, అది హెచ్చరిక. ఆ కాయలు తెల్లబడటమే మనకి చెప్పింది.

ఇక గొట్టం. పెదనాన్నా, నువ్వు మనుషుల మధ్య మంచే చేశావు. కానీ ఆ పొడుగు పైపు, మలుపులు, నీళ్ళలో ముంచిన మూతి కలిసి, ఉన్న కాస్త దారికీ గొంతు నొక్కుతున్నాయి.

కరెంటు పోతే కలిపే రెక్కలు ఆగుతాయి. పోసిన మందు కలవకుండా పేరుకుంటుంది. కరెంటు వచ్చి రెక్కలు తిరిగాయంటే పేరుకున్నదంతా ఒక్కసారే కలుస్తుంది. కాబట్టి కరెంటు పోగానే ధార ఆపాలి, రెక్కల స్విచ్చి కట్టేయాలి. ఇది అన్న చేత వల్లె వేయించు, నాకు వాక్యాలు వల్లె వేయించినట్టు.

గోపాలకృష్ణగారితో చెప్పాను. "అడిగింది నిప్పుకి, ఇచ్చింది నిప్పుకి, మన పని అయిపోయిందమ్మా" అన్నారు. అవలేదు. ఆ పాత్ర పక్కన నిలబడేది జోసఫ్ అన్న. నాగేంద్రబాబుగారికి నేనే ఉత్తరం రాసి, నా పేరు మీదే పంపాను. ఇక్కడ నన్ను ఉంచుతారో పంపుతారో తెలియదు.

నీ దీప్తి

&nbsp;

సత్తెనపల్లి
1999 మార్చి 1

అమ్మా,

బుడే చెప్పిన రెండు ముక్కలూ బాబుగారు చెవిన పెట్టలేదు. నీ ఉత్తరం చదివి తోటల్లోకి పోయి కూచున్నాను. పాత తిత్తిలో కొత్త రసం పోస్తే తిత్తి పిగులుతుందని ఇన్నేళ్ళు గొంతు చించుకుని చెప్పినవాణ్ణి. ఇక్కడ తిత్తి మూతి కట్టింది నేనే. పైగా దాని మీద ప్రసంగం చేశాను! చాలాసేపటికి లేచాను. ఏడవడానికి తర్వాత టైముంది, గొట్టానికి లేదు.

నాగేంద్రబాబుగారు ఆఫీసు గదిలో నీ ఉత్తరం ముందు పెట్టుకునే కూచున్నారు.

"ఏంటి అంకయ్యా! లెక్క కట్టిందీ మీ పిల్లే, ఆ లెక్క చాలదంటోందీ మీ పిల్లే. నన్నేం చెయ్యమంటావు?"

"ఆ లెక్క బయటి నిప్పుకండీ. మీరు పోసేది లోపలి నిప్పు."

"జోసఫ్‌ని జాగ్రత్తగా ఉండమని చెబుతాలే. ఒక్క సరుకు పోనీ, తర్వాత చూద్దాం."

అప్పుడు నాలో రగిలింది. గొంతు ఎప్పుడు లేచిందో నాకే తెలియదు. "బాబుగారూ, కొత్త ఇల్లు కడితే మేడ చుట్టూ పిట్టగోడ కట్టమని మోషే ఆజ్ఞ ఇచ్చాడు. మేడ ఎక్కినవాడు పడి చస్తే ఆ రక్తం ఇంటి మీద ఉంటుందన్నాడు. ఎక్కేవాణ్ణి జాగ్రత్తగా ఎక్కమని చెప్పి ఊరుకోలేదండీ. కట్టినవాణ్ణి కట్టమన్నాడు!"

గుమాస్తాలు తలుపు దగ్గరికి వచ్చారు. ఆయన ముఖం ఎర్రబడింది. "ఆదివారం చెప్పుకో ఇవన్నీ. మీ మందిరానికి రేకులు ఎవరు వేయించారో గుర్తుందా?"

"ఉంది. ఈ సాయంత్రమే మనుషుల్ని పంపి విప్పించుకోండి. మేం ఎండలో పాడుకుంటాం. జోసఫ్‌ని మాత్రం ఇయ్యను."

నేను వచ్చేశాను. మర్నాడు పొద్దున ఆయనే మన గుమ్మం ముందు జీపు ఆపాడు. దిగలేదు. "గొట్టం పీకించాను. సగం సరుకే పోయిస్తా, బొట్టుబొట్టుగా. మీ పిల్ల అడిగిన మందు శాంపిలు ఎక్కడికి పంపాలో చెప్పు" అన్నాడు. మంచివాడమ్మా. భయపడటానికి ఒక రాత్రి పట్టింది, అంతే.

ఇక్కడ అంతా బాగానే ఉంది. గేటు దగ్గర ఎండ ఎక్కువగా ఉంది. నీ ఉద్యోగం సంగతి దాచకుండా రాయి. పిలవకుండా రాజు ముందుకి పోయి తన జనం కోసం నోరు విప్పిన ఆడపిల్ల ఒకతె మన గ్రంథంలో ఉంది. రాజు మన్నించి ఆమెకి రాజదండం చాపాడు. నీకు చాపకపోతే, మీ పెద్దమ్మ వండిపెడుతుంది, వచ్చెయ్.

పెదనాన్న అంకయ్య

&nbsp;

బాలానగర్, హైదరాబాదు
1999 మార్చి 16

పెదనాన్నకి,

వందనాలు. గేటు దగ్గర ఎండ ఎక్కువగా ఉందా? నిన్న గేటుకి ఫోన్ చేస్తే వేరే గొంతు పలికింది. బుడేని అడిగితే, బాబుగారి మీద గొంతు లేపినందుకు నిన్ను కొన్నాళ్ళు ఇంటి దగ్గరే ఉండమన్నారనీ, నువ్వు మిరప కల్లాల్లో కూలికి పోతున్నావనీ చెప్పాడు. అబద్ధం ఆడకూడదని నా చేత ఎన్నిసార్లు గుంజీళ్ళు తీయించావో నీకు గుర్తుందా? ఎండ సంగతి నిజమే కాబట్టి ఇది అబద్ధం కాదంటావు. నాకు తెలుసు.

నేను ఉద్యోగంలోనే ఉన్నాను. మా కాలేజీ ప్రొఫెసరుగారి ల్యాబులో ఆ మందును చిన్న పాత్రలో పెట్టి, ఎంత వేగంగా వేడెక్కుతుందో కొలిచారు. ఆ గీత చూసి గోపాలకృష్ణగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, నా లెక్క కింద తన సంతకం కూడా పెట్టారు. మధ్యాహ్నం టీ తనే తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

కావలసింది పదంగుళాల దారి. ఇది వాల్వు కాదు, పలచటి రేకు. ఒత్తిడి హద్దు దాటితే చిరిగిపోతుంది, పొంగంతా ఒక్కసారే బయటికి పోతుంది. మనిషి దిగే మూత ఉంది కదా, దాన్ని మార్చి అక్కడ బిగించవచ్చు. రేకు వచ్చే వారం లారీలో వస్తుంది. గొట్టం పొట్టిగా, తిన్నగా ఉండాలి. మలుపు వద్దు.

ఎటు పెట్టాలన్నదే చిక్కు. మిగతా మూడు వైపులా మనుషులు తిరుగుతారు. పైకి పెడితే కరెంటు తీగలున్నాయి. మిగిలింది తూర్పే. పొంగును పట్టే తొట్టి తయారు కావడానికి వానాకాలం వస్తుంది. అందాకా తూర్పు వైపు ఎవరూ ఉండకూడదు. యలమందయ్యగారి కల్లం అక్కడ ఉండకూడదు.

ఇది ఏ లెక్కలోకీ రాదు. ఇది నీ పని, పెదనాన్నా.

నీ దీప్తి

&nbsp;

సత్తెనపల్లి
1999 మార్చి 28

అమ్మా దీప్తీ,

దొంగతనం పట్టుకున్నావు. బుడేగాడి నోట్లో నువ్వుగింజ నానదు. కూలి నాకేం కొత్త కాదులే.

యలమందయ్యగారి దగ్గరికి పోయాను. ఆయన కాయ తిరగేయిస్తున్నాడు. విషయం చెప్పేసరికి కల్లంలో ఆడవాళ్ళంతా పని ఆపారు, నన్ను కొడతాడేమోనని.

"మొన్ననేగా గొట్టం తిప్పావు! ఇప్పుడు మళ్ళీ ఇటే పెట్టి నన్నే లెగమంటావా? నీ దేవుణ్ణి ఏదో ఒకటి తేల్చుకోమనయ్యా!"

"దేవుడు తేల్చుకునే ఉన్నాడండీ. తేలంది నాకే. మొన్న తిప్పింది నా తప్పు."

"నడికాపులో కల్లం కదిపితే అరిష్టం. మా ముత్తాత కాణ్ణించి ఎవుడూ కదపలా."

నోటికొచ్చిన వాక్యమేదీ ఆయనకి పనికిరాదు. పక్కనే, కోసిన పండుకాయ రంగు తేలడానికి కుప్ప పోసి పట్టా కప్పారు. అది చూపించాను. "దాంట్లో చెయ్యి పెడితే ఎట్టా ఉంటుందండీ?"

"ఎట్టా ఉంటదేంది? ఉడుకుద్ది."

"కింద పొయ్యి పెట్టారా?"

"పచ్చి కాయకి పొయ్యెందుకయ్యా, దానికదే ఏడెక్కుద్ది."

"చిన్న కుప్పయితే?"

"గాలికి సల్లారుద్ది. పెద్ద కుప్పయితే నడిమజ్జన మగ్గి కుళ్ళిపోద్ది. అందుకేగా నేను ఎత్తు పోయనియ్యంది."

"మిల్లులో పోసింది పెద్ద కుప్పండీ. చుట్టూ ఇనుము. మూత బిగించి ఉంది."

ఆయన పట్టా ఎత్తి కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. చాలాసేపు తీయలేదు. తర్వాత అడిగాడు: "దాని కాడ ఎవరుంటారు?"

"మా జోసఫ్, ఇంకా మా వాళ్ళు."

"ఎప్పుడు పొంగుద్ది?"

"పొంగకపోవచ్చు కూడా."

"పొంగకపోతే నా కల్లం ఉత్త పుణ్యానికి కదిపినట్టేగా?"

"అట్లా అయితే నేను బతికున్నంత కాలం రోజూ మా గుమ్మం ముందుకొచ్చి తిట్టండి."

"నాకు వేరే పన్లేదా?" అన్నాడు. పట్టా మళ్ళీ కప్పి, "మంగళవారం కదపను. బుధవారం. మోసేది మాత్రం నువ్వే" అన్నాడు.

మందిరం మందిరమంతా వచ్చింది. చెరువుకట్ట కింద కొత్త నేల చదును చేసి అలికాం. గంపలతో కాయంతా మోశాం. మీ పెద్దమ్మ తుమ్ములకి ఊరంతా నవ్వింది. పాత కల్లం మూల పసుపు రాసిన రాయి ఒకటి ఉంది, వాళ్ళ అమ్మవారు. అలాంటి రాళ్ళ మీద నేనెన్ని ప్రసంగాలు చేశానో నీకు తెలుసు. యలమందయ్యగారు దాన్ని రెండు చేతుల్లో ఎత్తుకుని కొత్త చోటికి నడిచాడు. నేను తలగుడ్డ తీసి దారి పక్కన నిలబడ్డాను. ఆయన మొక్కేది ఆయనది, నేను మొక్కేది నాది. ఆ పూట ఇద్దరం జోసఫ్ కోసమే నడుస్తున్నాం.

రేకు వచ్చింది. బిగించారు.

పెదనాన్న అంకయ్య

&nbsp;

సత్తెనపల్లి
1999 ఏప్రిల్ 18

అమ్మా,

గురువారం నాడు ఫోన్లో నేను ఏడుపు తప్ప ఏమీ చెప్పలేదు. బుడే మీటరు ఆపేసి పక్కకి తిరిగి కూచున్నాడు. ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

మధ్యాహ్నం. కొత్త కల్లంలో కాయ తిరగేస్తున్నాం. కరెంటు పోయింది, మిల్లు చప్పుడు ఆగింది. అన్న వల్లె వేసినట్టే ధార కట్టేశాడట. రెక్కల స్విచ్చి కట్టేయడానికి గోడ దగ్గరికి పోయేలోపే కరెంటు వచ్చేసింది. నాలుగడుగుల దూరంలో ఉన్నాడట. రెక్కలు తిరిగాయి. వేడి చూపించే ముల్లు పైకి లేవడం కళ్ళారా చూసి, "బయటికి! పడమటికి!" అని కేకేశాడు.

మాకు వినపడింది ఢాం అని కాదమ్మా. పెద్ద గుడ్డ చింపినట్టు ఒక చప్పుడు. ఆ వెంటనే గోడలోంచి తెల్లటి నురగ, పొగ, కాలువ తెగినట్టు తూర్పుకి విరుచుకుపడింది. పుల్లటి ఘాటు కళ్ళల్లో కొట్టింది. నేను గంప పారేసి మిల్లు వైపు పరిగెత్తాను. యలమందయ్యగారు వెనక నుంచి నా చొక్కా పట్టుకున్నాడు. చొక్కా చిరిగింది, ఆయన వదల్లేదు. "ఆగవయ్యా! నువ్వు పోయి దాన్ని ఆపుతావా? ఆగు!" నేను ఆయన్ని కొట్టాను. నిజం రాస్తున్నాను, చెంప మీద కొట్టాను. అప్పుడూ వదల్లేదు.

పొగ పలచబడింది. షెడ్డు నిలబడే ఉంది. పాత్ర ఉన్నచోటే ఉంది. పడమటి తలుపులోంచి ఒక్కొక్కరే వచ్చారు, కళ్ళు నలుపుకుంటూ, దగ్గుతూ. అందరి వెనక జోసఫ్. యలమందయ్యగారు అప్పుడు నా చొక్కా వదిలాడు. నాగేంద్రబాబుగారు వచ్చి, జోసఫ్ ముఖం తడిమి చూసి, అక్కడే మట్టిలో కూలబడ్డారు.

పాత కల్లం చూశాను. నేలంతా నూనె, నురగ. గాలికి రాలి మిగిలిన నాలుగు కాయలు కాగితంలా తెల్లగా ఉన్నాయి. మూడు వారాల కిందటి దాకా అక్కడ ఆడవాళ్ళు కూచుని తొడిమెలు తీసేవాళ్ళు.

ఈ రోజు ఆదివారం. నేను ప్రసంగానికి లేచాను. నోరు పెగల్లేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు. మీ పెద్దమ్మే పాట ఎత్తుకుంది, అందరూ అందుకున్నారు. పాట మధ్యలో గుమ్మం దగ్గర నీడ పడింది. యలమందయ్యగారు! చెప్పులు విప్పకుండా గడప బయటే నిలబడ్డాడు. కుర్చీ వేస్తే కూచోలేదు.

"నేను దణ్ణం పెట్టటానికి రాలా. మీ వాళ్ళందరూ ఉన్నారో లేదో కళ్ళారా చూసిపోదామనొచ్చా."

ఒక్కొక్క ముఖమే చూశాడు. నన్ను చూసి చెంప రుద్దుకున్నాడు. నేను తల దించుకున్నాను.

"ఎనిమిదో తరగతి పిల్లోడు కూడా ఇంతకంటే గట్టిగా కొడతాడయ్యా" అన్నాడు. మందిరమంతా గొల్లుమంది. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు: "ఆ లెక్క కట్టిన పిల్ల మీ తమ్ముడి కూతురంటగా. ఎప్పుడొస్తది?"

"సెలవు దొరికితే వస్తుందండీ."

"వచ్చినప్పుడు మా ఇంటికి అన్నానికి తీసుకురా. అందరూ రండి. నడింట్లోనే."

అమ్మా, మా నాయన ఆ ఇంటి గొడ్లు కాశాడు. ఆయనకి అన్నం పెట్టింది ఎప్పుడూ చావిడి పక్కన, గొడ్ల దగ్గర. నేనూ అక్కడే కూచుని ఆయన ఆకులోంచి తిన్నాను. ఆ నడిల్లు ఎట్లా ఉంటుందో మన ఇంట్లో ఎవరికీ తెలియదు.

"మా పిల్ల హాస్టలు తిండికి అలవాటు పడింది, కారం తట్టుకోలేదేమో" అన్నాను.

"మిరపకాయ పండించేవాడి ఇంటికొచ్చి కారం తిననంటే ఎట్టా కుదురుద్ది? నెయ్యేస్తాంలే" అని వెళ్ళిపోయాడు.

రెండుసార్లు కబురు పంపాడు సాయంత్రానికే. ఏ రోజుకి వస్తావో రాయి. వాళ్ళ ఇంట్లో వండుకోవాలి.

పెదనాన్న అంకయ్య